చీరాల-పేరాల మీద మొదటి పేపర్: హిస్టరీ కాంగ్రెస్‌కా, పక్కనే జరిగే ఇంటర్నేషనల్ సదస్సుకా?

గుంటూరు_స్కాలర్:
అందరికీ నమస్తే. గుంటూరులో ఉంటూ హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్నా, రెండో ఏడు. టాపిక్ చీరాల-పేరాల ఉద్యమం, అంటే మునిసిపాలిటీ పన్నులు కట్టమని అక్కడి జనం ఊరొదిలి వెళ్లిపోయిన పోరాటం. ఈ ఏడాది ఎక్కడైనా ఒక పేపర్ చదివి రమ్మని మా గైడ్ గారు అంటున్నారు. వాట్సాప్ గ్రూపులో చూస్తే రోజుకో బ్రోచర్. విజయవాడలో ఒక కాలేజీ వాళ్లు ఒక్కరోజు ఇంటర్నేషనల్ సదస్సు పెడుతున్నారు, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాను, పైగా పేపర్లన్నీ ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకంగా వేస్తామంటున్నారు. ఇంకోపక్క డిసెంబర్ ఆఖర్లో ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్, దేశంలోని చరిత్రకారులంతా కలిసే పెద్ద సదస్సు. అంత దూరం ప్రయాణం, ఖర్చు, పెద్దవాళ్ల ముందు ఇంగ్లీషులో మాట్లాడాలంటే టెన్షన్. ఏది మేలంటారు? ఇంకో మాట, థీసిస్‌లో ఫస్ట్ చాప్టర్ అయిపోయింది, దాన్నే కుదించి పంపేస్తే సరిపోతుందా?

బెజవాడ_లెక్చరర్:
ఆ కాలేజీ బ్రోచర్‌లో సబ్-థీమ్స్ ఒకసారి చూడండి. కామర్స్, బయోటెక్నాలజీ, సాహిత్యం, చరిత్ర అన్నీ ఒకే పేజీలో ఉంటే పక్కన పెట్టేయండి. మీకంటే ముందు ఒకరు జీఎస్టీ మీద చదువుతారు, మీ తర్వాత ఇంకొకరు సేంద్రియ ఎరువుల మీద చదువుతారు, చైర్‌లో ఉన్నాయన అందరికీ వెరీ గుడ్ పేపర్ అనేసి భోజనానికి లేస్తాడు. మీరు చెప్పినదాంట్లో తప్పుంటే పట్టుకునే మనిషి ఆ హాల్లో ఉండడు.

సర్టిఫికెట్ల కోసమైతే అంత తొందర అక్కర్లేదు. యూజీసీ 2016 రూల్స్‌లో థీసిస్ ఇచ్చేలోపు జర్నల్‌లో ఒక వ్యాసం, సదస్సుల్లో రెండు పేపర్లు ఉండాలని ఉండేది, 2022 రూల్స్‌లో ఆ నిర్బంధం తీసేశారు. యూనివర్సిటీ సొంత రూలేమైనా పెట్టుకుందేమో మాత్రం రీసెర్చ్ సెక్షన్‌లో అడగండి.

నన్నడిగితే ముందు ఏపీ హిస్టరీ కాంగ్రెస్, తర్వాతే ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్. మొదటిదాంట్లో పేరాల ఎక్కడుందో, రామదండు (ఆ ఉద్యమంలోని వాలంటీర్ల దళం) అంటే ఏంటో మీరు విప్పి చెప్పక్కర్లేదు, టైమంతా మీ వాదనకే. రెండోది 1935లో పుణెలో మొదలైంది, ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక భారతం, భారతేతర దేశాలు, పురావస్తు అంటూ విభాగాలుంటాయి, మెంబర్‌షిప్ కట్టనిదే పేపర్ చదవనివ్వరు. 2023లో వరంగల్ కాకతీయ యూనివర్సిటీలోనే జరిగింది, అప్పుడైతే మనకి రాత్రి ప్రయాణం కూడా కాదు. ఆధునిక విభాగంలో జనం ఎక్కువ, మీకు దక్కే నిమిషాలు తక్కువ. అయినా అక్కడ టీ దగ్గర దొరికే పరిచయాలు వేరు.

పాత_జీవో:
చాప్టర్ కుదించి పంపొద్దు తమ్ముడూ. అది ఉద్యమం మొత్తం కథ అయ్యుంటుంది. మునిసిపాలిటీ పెట్టడం, పన్ను పెరగడం, 1921 ఏప్రిల్‌లో బెజవాడ ఏఐసీసీ (కాంగ్రెస్ కమిటీ సమావేశం) అయ్యాక గాంధీ చీరాల రావడం, ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఊరొదిలి రామ్‌నగర్‌లో పాకలేసుకోవడం. వినేవాళ్లకి ఇదంతా తెలుసు. పదిహేను నిమిషాలిస్తే పన్నెండు వీటికే పోతాయి, అప్పుడు టైమైపోయిందని చైర్ నుంచి చీటీ వస్తుంది.

ఒక్క ముడి పట్టుకో. ఉదాహరణకి, చీరాల యూనియన్‌గా (మునిసిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థ) ఉన్నప్పుడు 4 వేల రూపాయల పన్ను మునిసిపాలిటీ అయ్యాక 40 వేలు అయిందని ప్రతి పుస్తకంలో ఉంటుంది, ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. ఆ లెక్క ఏ కాగితంలోంచి వచ్చింది, ఇంటిపన్ను ఎంత, మిగతావి ఎంత, డిమాండ్ ఎంత, వసూలైంది ఎంత? అప్పట్లో చీరాల గుంటూరు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం. అందుకే మునిసిపల్ జీవోలు చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. తెనాలిలో పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్. యూనివర్సిటీ లెటర్ మర్చిపోకు.

ఇంకో ముడి కూడా ఉంది, నాకిదే ఎక్కువ ఇష్టం. 1920 చివర్లో ద్వంద్వ ప్రభుత్వం (కొన్ని శాఖలు మంత్రులకి, మిగతావి గవర్నర్ చేతిలో ఉండే పద్ధతి) వచ్చాక స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికొచ్చింది, జస్టిస్ పార్టీ నుంచి పానగల్ రాజా చూసేవారు. అంటే రామ్‌నగర్ జనం ఎదిరించిన ఆ శాఖ పైన కూర్చున్నది తెల్లదొర కాదు. ఈ కోణం పట్టుకుంటే ప్రశ్నలు వద్దన్నా వస్తాయి.

పల్నాడు_పిల్ల:
లెక్చరర్ గారూ, మీ మాట కాదనను గానీ జీతం వచ్చేవాళ్లకి చెప్పినంత తేలిక కాదండీ. ఫెలోషిప్ లేని స్కాలర్‌కి మెంబర్‌షిప్, రిజిస్ట్రేషన్, రైలు, రూము అన్నీ చేతి డబ్బే. నోరు తిరగడానికి చిన్న సదస్సు ఒకటి పనికొస్తుంది, మైకు ముందు మొదటిసారి వణకడం ఏదో ఊళ్లోనే అయిపోతుంది కదా. మా డిపార్ట్‌మెంట్‌లో నలుగురం కలిసి శనివారాలు ఒకరి పేపర్ ఒకరం వింటున్నాం, ఖర్చు టీలు, సమోసాలే. అసలు సదస్సు కంటే అక్కడే ఎక్కువ తిట్లు పడుతున్నాయి :)

గుంటూరు_స్కాలర్ గారూ, ఐఎస్‌బీఎన్ అన్నారుగా, డబ్బు కడితే ఎవరి పేపరైనా వేసే పుస్తకానికీ ఆ నంబర్ ఉంటుంది. మంచి మెటీరియల్ అందులో పోసేస్తే రేపు జర్నల్ వాళ్లు ఇది ముందే అచ్చయింది కదా అంటారు.

గుంటూరు_స్కాలర్:
అందరికీ థాంక్స్. పన్ను లెక్కే పట్టుకుంటాను, ఇంట్లో మా తాతగారి పుస్తకంలో కూడా ఆ 40 వేలే ఉంది, కింద ఫుట్‌నోట్ లేదు. ఆర్కైవ్స్‌కి వెళ్లకముందే అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) పంపొచ్చా మరి?

పాత_జీవో:
పంపు. ప్రశ్న ఏంటో, ఏ కాగితాలు చూస్తున్నావో రాయి, జవాబు మాత్రం ముందే రాసేయకు. ఇండెక్స్‌లో దొరికిన జీవో స్టాక్‌లో దొరకాలని లేదు. ఎగ్మోర్‌లో కనీసం వారం ఉండేలా రూము చూసుకో, అడిగిన కట్ట అడిగిన రోజే వస్తుందనుకోకు.