రిఫరెన్సుల బాధ్యతను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయవచ్చా?

చర్చ ప్రారంభించినవారు:
వైద్య పత్రికకు పంపే వ్యాసంలో రిఫరెన్సులను జొటెరో, ఎండ్‌నోట్ వంటి సాఫ్ట్‌వేర్‌లు చూసుకుంటున్నప్పుడు, ప్రతి మూల వ్యాసాన్నీ తెరిచి సరిచూడమని మా గైడు గారు పట్టుబట్టడం అవసరమేనా? నలభై రిఫరెన్సులకు రెండు రోజులు పట్టేలా ఉంది.

మొదటి సమాధానం:
అవసరం లేదనే నా అభిప్రాయం. వైద్య పత్రికలు వాడే వాంకోవర్ పద్ధతిలో రిఫరెన్సుల అంకెలు వ్యాసంలో ప్రస్తావన వచ్చిన వరుసలోనే ఉండాలి కనుక, మధ్యలో ఒక్క పేరా చేర్చినా తరువాతి అంకెలన్నీ మారిపోతాయి. ఆ పనిని చేత్తో చేస్తే తప్పులు దొర్లక మానవు. పైగా ఉపసంహరించిన (ప్రచురించాక పత్రిక వెనక్కి తీసుకున్న) వ్యాసం మన సేకరణలో ఉంటే జొటెరో ఎర్రటి పట్టీతో హెచ్చరిస్తుంది.

రెండవ సమాధానం:
అంకెల విషయంలో పై మిత్రులతో ఏకీభవిస్తాను. అయితే గైడు గారి పట్టుదల అంకెల గురించి కాదు, ఆ అంకె పెట్టిన వాక్యానికి మూలంలో నిజంగా ఆధారం ఉందా అన్నదాని గురించి అనుకుంటున్నాను. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 302వ సంపుటి, 123వ పేజీలో ఐదే వాక్యాల లేఖ ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో చేరి, నొప్పి తగ్గించే ఓపియాయిడ్ మందులు పొందిన రోగులలో వ్యసనం అరుదుగా కనిపించిందన్నది దాని సారాంశం. ఆ లేఖను ప్రస్తావించిన 608 రచనలను పరిశీలించిన ఫలితాలు 2017లో అదే పత్రికలో వెలువడ్డాయి: 439 రచనలు దానిని వ్యసనం అరుదనడానికి ఆధారంగా చూపగా, 491 రచనలు ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతినే చెప్పలేదు. ఆసుపత్రి రోగుల గురించి చెప్పిన మాటను అందరికీ వర్తించేలా చూపే ఈ తప్పు, సంపుటి, పేజీ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఆగదు, ఏ ఎర్రపట్టీ దానిని పట్టుకోలేదు. వైద్యులు నమ్మి మందు రాసే వాక్యాల విషయంలో ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం కూడా, ఉపసంహరించిన వ్యాసాలను ఆధారంగా చూపకుండా చూసుకోవలసింది రచయితలేనని తన సిఫారసులలో స్పష్టంగా పేర్కొంది.

చర్చ ప్రారంభించినవారు:
ఆ లేఖ సంగతి చదివాక నా జాబితాను మళ్లీ చూసుకున్నాను. ఒక సమీక్షా వ్యాసంలో చదివిన మాటలకు, మూలాన్ని తెరవకుండానే, మూల రచయితల పేర్లతో ఆరు రిఫరెన్సులు పెట్టాను. ముందు ఆ ఆరింటినీ పూర్తిగా చదువుతాను. వ్యాసం దొరకని చోట, నేను చదివిన సమీక్షనే రిఫరెన్సుగా చూపుతాను.