అప్‌డేట్: మెడికల్ పదాలను విడగొట్టి చదవడం

మెడికల్ టెర్మినాలజీ బట్టీ పట్టకుండా ఎలా నేర్చుకోవాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టు పదం తోక (చివరి భాగం) నుంచి మొదలుపెడితే సులువుగానే ఉంది. పెరికార్డైటిస్‌లో చివర ‘ఐటిస్’ అంటే ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట), తర్వాత మొదట్లోని ‘పెరి’ చుట్టూ, మధ్యలో ‘కార్డి’ గుండె: వెరసి గుండె చుట్టూ ఉన్న పొరకు ఇన్‌ఫ్లమేషన్.

చిక్కల్లా ఒకేలా వినిపించే తోకలతోనే. కోలెక్టమీ అంటే పెద్దపేగును కొంతో మొత్తమో తీసేయడం. కొలాస్టమీ అంటే పెద్దపేగును పొట్ట మీదికి తెచ్చి మలం బయటికి రావడానికి దారి పెట్టడం, అక్కడే సంచి తగిలిస్తారు. ఇలియం మరీ ఘోరం! ఇంగ్లిష్ స్పెల్లింగ్ నడుమ ‘ఈ’ ఉంటే (ileum) చిన్నపేగు చివరి భాగం, ‘ఐ’ ఉంటే (ilium) తుంటి ఎముక. వినికిడిని నమ్మకండి.

విడగొట్టినా అర్థం అన్నిసార్లూ సరిపోదు. అనీమియాను విప్పితే ‘రక్తం లేదు’ అని వస్తుంది. అసలు సంగతి హిమోగ్లోబిన్ తగ్గడం.