శఫరం అంటే ఏ చేప? ఆ మాట తరువాత ఏమైంది?

ప్రశ్న:
మేఘసందేశంలో గంభీరా నదిని వర్ణించే శ్లోకంలో "చటులశఫరోద్వర్తనప్రేక్షితాని" అనే సమాసం వస్తుంది. నా దగ్గరున్న టీకలో శఫరమంటే చేప అని చెప్పి వదిలేశారు. మత్స్యం, మీనం, ఝషం ఉండగా కవి ఈ మాటనే ఎందుకు ఎంచుకున్నాడు? ఇది ఫలానా చేపకే చెందిన పేరా? తరువాతి భాషల్లో ఎక్కడైనా నిలిచిందా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

మొదటి సమాధానం:
శఫరమంటే ఏదో ఒక చేప కాదండీ. లోతు లేని నీటిలో గుంపులుగా తిరుగుతూ మెరిసే చిన్న చేప అది. తెలుగులో బేడిస అంటాం. అమరకోశం వారివర్గంలో "ప్రోష్ఠీ తు శఫరీ ద్వయోః" అని ఉంది. అంటే ప్రోష్ఠి, శఫరి ఒకే చేపకు పేర్లు. శఫరుడనీ శఫరి అనీ రెండు లింగాలలోనూ వాడవచ్చు. ఇక శ్లోకం సంగతికి వస్తే, ఆ చేప నీటిలో ఒక్కసారిగా పక్కకు తిరిగి ఎగిరినప్పుడు దాని తెల్లని పక్కభాగం తళుక్కుమని మరుక్షణం మాయమవుతుంది. కలువల్లా తెల్లనైన నది చూపులుగా కవి భావించింది ఆ తళుకునే. పెద్ద చేపను చెబితే ఆ చాంచల్యం రాదు కనుక, ఇక్కడ మీనమన్నా ఝషమన్నా పోలిక చెడుతుందని నా అభిప్రాయం.

రెండవ సమాధానం:
చిన్నతనమే ఈ మాటకు ప్రాణమనడానికి సుభాషితం కూడా ఉంది: అగాధజలంలో తిరిగే రోహితమనే పెద్ద చేప గర్వించదు, బొటనవేలి లోతు నీటిలో "శఫరీ ఫర్ఫరాయతే", అంటే శఫరి ఎగిరెగిరి పడుతుంది. ప్రాకృతంలో అచ్చుల మధ్య ఫకారం హకారమై ఇది "సహరీ" అయింది. తులసీదాసు కవితావళిలో పడవవాడు తన పేదరికాన్ని చెప్పుకుంటూ "పాత భరీ సహరీ" అంటాడు. ఆకు నిండా చిన్న చేపలు, అంతే తన సంపాదన. కావ్యంలో నాయిక కన్నులకు పోలికైన చేపే ఇక్కడ ఇంటిల్లిపాది కూడు కావడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

మూడవ సమాధానం:
ప్రోష్ఠి అనే మాట కూడా బతికే ఉంది. అస్సామీలో పుఠి, బెంగాలీలో పుంటి దాని రూపాలే. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల గురించి రాసిన గ్రంథంలో ఆ బెంగాలీ మాటనుంచే ఈ చిన్న చేపల వర్గానికి "పుంటియస్" అనే పేరు పెట్టాడు. మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు శఫరానికి చెప్పే అర్థం ఈ వర్గంలోని సోఫోరె జాతి. తోక మొదట గుండ్రని నల్లమచ్చను చూసి దాన్ని గుర్తుపట్టవచ్చు.