ఫైల్ మూసేశాక చదివే హాస్కెల్: తప్పు లాంగ్వేజ్‌దా, రాసినోడిదా?

పటమట_కుర్రోడు:
అన్నలూ ఇది తేల్చండి. మా బాబాయ్‌కి గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టుంది, రోజువారీ లాట్ల రేట్లు ఒక టెక్స్ట్ ఫైల్లో పడతాయి, అందులోంచి తేజ, 334, బాడిగ రకాలు విడదీసి చూపించేలా హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశా. పనయ్యాక ఫైల్ని తనే మూసేసే విత్‌ఫైల్‌తో ఓపెన్ చేసి, దాని బ్లాక్ లోపల ఫైల్లోది తెచ్చిచ్చే హెచ్‌గెట్‌కంటెంట్స్ పెట్టి, వచ్చిన స్ట్రింగ్‌ని (టెక్స్ట్‌ని) బయట ప్రింట్ చేస్తే ‘డిలేడ్ రీడ్ ఆన్ క్లోజ్డ్ హ్యాండిల్’, అంటే మూసేసిన ఫైల్ని ఆలస్యంగా చదువుతున్నావ్ అంటోంది. టైపులన్నీ సరిపోయాయి, కంపైలర్ ఒక్క మాట అనలేదు. ఇది లాంగ్వేజ్ తప్పే అంటా నేను.

బ్రాడీపేట_సీనియర్:
హాస్కెల్ లేజీ లాంగ్వేజ్, లేజీ అంటేనే అడిగినప్పుడు చేయడం తమ్ముడూ. హెచ్‌గెట్‌కంటెంట్స్ ఫైల్ని చదవలేదు, తర్వాత చదువుతానని ఒక థంక్, అంటే ఇంకా చేయని పని తాలూకు చీటీ, చేతిలో పెట్టింది, ఈలోపు విత్‌ఫైల్ తన పని అయిపోయిందని హ్యాండిల్ (తెరిచిన ఫైల్ని) మూసేసింది. షట్టర్ దించాక వెళ్ళి సరుకు అడిగితే కొట్టువాడిదా తప్పు? అనంతమైన లిస్టు రాసి అందులో పది తీసుకోగలుగుతున్నామంటే ఈ గుణం వల్లే, 1990లో హాస్కెల్ లాంగ్వేజ్‌ని నిర్వచించే మొదటి రిపోర్ట్ వచ్చినప్పటి నుంచీ ఇంతే.

గవర్నర్‌పేట_పైథాన్:
మా పైథాన్ లాంగ్వేజ్‌లోనూ ఉంది ఈ గోల. ‘రకం ఈ లిస్టులో ఉంటేనే’ అని జనరేటర్ (అడిగినప్పుడు ఒక్కొక్కటే తీసిచ్చేది) రాసి, దాన్ని నడిపేలోపు ఆ లిస్టు పేరుకి ఇంకో లిస్టు ఇచ్చామనుకోండి, కొత్త లిస్టు ప్రకారమే వడకడుతుంది. కానీ జనరేటర్ ఏ లిస్టులోంచి ఒక్కొక్కటీ తీస్తుందో, ఆ మొదటి లిస్టుని మాత్రం జనరేటర్ రాసిన క్షణంలోనే పట్టేసుకుంటుంది! సగం ఇప్పుడు, సగం తర్వాత. ఇంకా ఇది హాస్కెల్ కంటే అన్యాయం.

పటమట_కుర్రోడు:
సీనియర్ అన్నా, అనంతమైన లిస్టుని ఇవాళ లెక్కేసినా రేపు లెక్కేసినా జవాబు మారదు, అక్కడ లేజీ బంగారం, నేనూ ఒప్పుకుంటా. ఫైల్ అలా కాదు కదా, ఎప్పుడు చదివామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ పాత వెర్షన్లలో అయితే ఈ ఎర్రర్ కూడా వచ్చేది కాదు, చదివినంత వరకే స్ట్రింగ్ అని ఊరుకునేది. అంటే రేట్లు సగం మాయమైనా ఎవరికీ తెలీదు, దాన్ని నమ్మి రైతుకి రేటు చెప్తే ఎవరు సమాధానం చెప్పాలి?

బ్రాడీపేట_సీనియర్:
సరే, పని మొత్తం బ్లాక్ లోపలే చేసుకో, అయిపోయె.

పటమట_కుర్రోడు:
లోపలే లైన్లు లెక్కపెట్టి రిటర్న్ చేసి చూడన్నా, మళ్ళీ అదే ఎర్రర్, ఎందుకంటే ఆ లెక్క కూడా థంకే, బయట ప్రింట్ అడిగాకే మొదలవుతుంది. ఎవాల్యుయేట్ (ఇప్పుడే లెక్కించు) అని చెప్పి లోపలే నడిపిస్తేనే పని జరుగుతుంది. ఇది కొత్తగా నేర్చుకునేవాడికి ఎలా తడుతుంది చెప్పు.

అరండల్‌పేట_అమ్మాయి:
అందుకే 2021లో జీహెచ్‌సీ 9.0తో పేరు కొసన కొట్టు గుర్తు (') ఉన్న హెచ్‌గెట్‌కంటెంట్స్, రీడ్‌ఫైల్ వచ్చాయండి, అవి ఫైల్ మొత్తం అప్పుడే చదివేస్తాయి. లిస్టుని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోయే ఫోల్డ్‌ఎల్‌దీ ఇదే కథ, కంపైలర్ ఆప్టిమైజేషన్ లేకుండా కోటి అంకెలు కూడితే థంకుల గుట్ట పేరుస్తుంది, కొట్టు గుర్తున్న, అప్పటికప్పుడే లెక్కేసే ఫోల్డ్‌ఎల్‌ని 2024లో 9.10తో ప్రెల్యూడ్‌లోకే (అడక్కుండానే అందుబాటులో ఉండే లైబ్రరీలోకే) తెచ్చారు. నన్నడిగితే కొట్టు గుర్తు లేని పేరు మంచిదానికి ఇవ్వాల్సింది, ప్రమాదం ఉన్నదానికి కాదు.

బ్రాడీపేట_సీనియర్:
పేర్లు మారిస్తే ఇన్నేళ్ళ కోడ్ ఏమైపోవాలమ్మా? ఫైళ్ళ వరకు మీ ఇద్దరి మాట ఒప్పుకుంటా. ఫోల్డ్‌ఎల్ మీద మాత్రం ఒప్పుకోను.