కెరీర్ పుస్తకాలు చదివేవాళ్ళు విశ్రాంతి ఎలా తీసుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. పొద్దున చీకటితోనే కంపెనీ బస్సు, రాత్రికి ఇల్లు. ఇంతకంటే మంచి ఉద్యోగానికి మారాలని పట్టుదలగా ఉంది, అందుకే డేటా అనలిటిక్స్ నేర్చుకుంటున్నాను. బస్సులో కెరీర్ పుస్తకాలు చదువుతాను. అవి నాకు నిజంగా ధైర్యం ఇచ్చాయి.

కానీ ఆదివారం అన్నం తిని కాసేపు నడుం వాలిస్తే చాలు, టైం వేస్ట్ చేస్తున్నానని టెన్షన్ మొదలవుతుంది. అమ్మ కపిలతీర్థం వెళ్ళొద్దాం రమ్మన్నా, మనసంతా మిగిలిపోయిన పాఠం మీదే.

దేనిలోనైనా నిపుణులు కావాలంటే పది వేల గంటల సాధన కావాలని చాలా పుస్తకాలు చెబుతాయి కదా. దానికి మూలం మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసి, 1993లో ప్రచురించిన అధ్యయనం. అందులో మెరుగ్గా వాయించేవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ నిద్రపోయేవారు, మధ్యాహ్నం కునుకు కూడా తీసేవారు. సాధన విడతలుగా, మధ్యలో విరామంతో సాగేది. నేను చదివిన పుస్తకాల్లో ఈ సగం లేదు, అదే నాకు బాధ. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. నాకు అది కుదరాలంటే రాత్రి చదువు తగ్గించుకోవాలి.

ఇలాంటి ఉద్యోగం చేస్తూనే కోర్సు పూర్తిచేసి వేరే ఉద్యోగంలోకి వెళ్ళినవాళ్ళు దయచేసి చెప్పండి. రోజూ కొంచెం చదివారా, సెలవుల్లోనే ఎక్కువ చదివారా? వారంలో ఒక రోజు పుస్తకం ముట్టకుండా ఉండగలిగారా? ఉంటే, ఆ రోజు మనసుకు ఏం చెప్పుకున్నారు?