రొయ్యల గుంటకి తెల్లమచ్చ జబ్బు వస్తే గ్రూపులో ఎంతవరకు చెప్పాలి?

అల్లూరు రైతు: మా వాట్సాప్ గ్రూపులో 40 మంది రొయ్య రైతులం, అందరికీ ఒకటే కాలవ. జబ్బు చెప్తే కొనేవాళ్లు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రేటు కోస్తారు, వాళ్లూ గ్రూపులోనే ఉండారు. చెప్పకపోతే పక్క గుంటలు పోతాయి. ఎట్టా?

కొత్తపట్నం: పక్కోడికి కావాల్సింది పేరు కాదన్నా. ఏ కాలవ, పీసీఆర్ (వైరస్‌ని పట్టే ల్యాబ్ పరీక్ష)లో ఏ రోజు తేలింది, నీళ్లు బయటికి వదిలారా లేదా, ఈ మూడూ చాలు. రిపోర్టు ఒక్క అడ్మిన్‌కే పంపి, ఆయన చేత పెట్టించండి, అదీ వచ్చిన రోజే. తూము నంబరు మాత్రం వద్దు. తూము కింద మూడు గుంటలే ఉంటే పేరు చెప్పినట్టే కదా! రిపోర్టు ఫొటో అసలు పెట్టొద్దు. పేరు మీద ఫోన్లో హైలైటర్‌తో గీస్తే వెలుతురు పెంచి చదివేస్తారు.

ముత్తుకూరు: కొనేవాళ్లకి వేరే గ్రూపు పెట్టండి. వాళ్లని ఈ గ్రూపులోంచి తీసేశాక ఇన్వైట్ లింకు రీసెట్ చేయకపోతే పాత లింకుతో ఇంకో నంబరు నుంచి మళ్లీ రావచ్చు. కొత్తవాళ్లకి అడ్మిన్ అనుమతి ఆన్ చేయండి. మాయమయ్యే మెసేజీలని నమ్ముకోవద్దు, స్క్రీన్‌షాట్ ఆగదు.

కొత్తపట్నం: ఇంకోటి. జబ్బు గుంట తూము మూసెయ్యాల. ఎకరా, మీటరు లోతుకి సుమారు 4,000 ఘనపు మీటర్ల నీళ్లు. 60 పీపీఎం (ఘనపు మీటరుకి 60 గ్రాములు) అంటే 240 కిలోల బ్లీచింగ్. వారం నిలబెట్టాకే వదలాల. పీతలకి కంచె, పక్షులకి వల లేకపోతే కాలవ మూసినా జబ్బు దాటతాది.

అల్లూరు రైతు: తూము సంగతి తట్టలేదు. లింకు ఇప్పుడే మారుస్తా.