‘వీణఁ జక్కఁగఁ బట్ట వెర...’ తర్వాత ‘వు’నా, ‘పు’నా?

పానగల్లు పాంథుడు:
మిత్రులారా, రెండు రోజులుగా ఒక్క అక్షరం నిద్ర పట్టనివ్వడం లేదు. మా అక్క కూతురు కరెంటు శాఖలో జూనియర్ లైన్‌మన్‌గా చేరి ఏడాదయింది. ఆదివారం ఊళ్లో సన్మానం. సన్మాన పత్రం రాసే పని మేనమామ నెత్తిన పడింది. పోతన భాగవతంలో, యుద్ధంలో సత్యభామ విల్లు పట్టిన పద్యం వేద్దామని కూర్చుని, ‘వీణఁ జక్కఁగఁ బట్ట వెర’ దాకా వచ్చి ఆగిపోయాను. బడిలో మా తెలుగు సారు ‘వెరవెఱుంగని కొమ్మ’ అన్నట్టు గుర్తు. కొమ్మ అంటే ఇక్కడ ఆడమనిషి. మా అక్క మాత్రం ‘వెఱపెఱుంగని కొమ్మ’ అనే పాడుతుంది. నా దశమస్కంధాన్ని ఎవరో చదివి ఇస్తామని తీసుకుపోయారు. వారు ఈ గుంపులోనే ఉన్నారు, పేరు చెప్పను. ఫ్లెక్సీ షాపతనికి రేపు సాయంత్రంలోగా ఇవ్వాలి.

శకటరేఫం:
‘వెరవు’. నేర్పు, ఉపాయం అని అర్థం. సాధురేఫ, అంటే మామూలు ర. భయమనే ‘వెఱపు’లో ఉన్నది బండి ఱ. ఈ రెంటికీ చుట్టరికమే లేదు. బడిపుస్తకాల్లోంచి ఱ ను తోలేసిన రోజునే ఇలాంటి తంటాలు వస్తాయని నేను అన్నాను, ఎవరూ వినలేదు.

గద్వాల గడియారం:
అంత తొందరెందుకు సార్? మా తాతగారి పాఠం ‘వెఱపెఱుంగని’. ‘విద్వద్గద్వాల’ అని ఊరికే పేరు రాలేదు. సంస్థానంలో పండితులు నోటితో నేర్పిన పాఠం అది. అర్థం చూసినా అదే నిలుస్తుంది. చివర సింహగర్జనలు చేయబోయే మనిషి భయమెరుగనిదని కవి మొదటి పాదంలోనే సూచన ఇచ్చాడు. పైగా మా గద్వాలను ఆదిలక్ష్మీదేవమ్మ ఏలింది. ఆడవాళ్ల ధైర్యం గురించి మాకు ఒకరు చెప్పనక్కరలేదు.

శకటరేఫం:
రాణిగారికి నమస్కారం. కానీ వీణ పట్టుకోవడానికి భయమెందుకండీ, అది కరుస్తుందా? ‘పట్ట’ తుమున్నర్థకం. పట్టడానికి వెరవు ఎరుగదు అంటేనే అన్వయం కుదురుతుంది. తర్వాతి పాదాలు చూడండి: ‘కూర్పంగ నేరని లేమ’, ‘గ్రువ్వఁ జాలని యబల’, ‘సెప్ప నేరని తన్వి’. అన్నీ చేతకాకపోవడాలే. మొదటిదొక్కటే ధైర్యం ఎలా అవుతుంది?

కొల్లాపూర్ మామిడి:
నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ‘వీ’కి ‘వె’తో యతి. మీరు కొట్టుకుంటున్న అక్షరం యతిస్థానానికి అవతల ఉంది. గణం చూస్తే ‘వెరవెఱుం’, ‘వెఱపెఱుం’ రెండూ నగమే, మూడు లఘువులు, ఒక గురువు. కాబట్టి ఛందస్సు సాక్ష్యం చెప్పదు. ఇళ్లకు వెళ్లండి.

గద్వాల గడియారం:
చూశారా! ఛందస్సు నన్ను కాదనలేదు.

శకటరేఫం:
మిమ్మల్ని అవుననీ అనలేదు.

డిండి వాగు:
మగవాళ్లంతా ఒక్క అక్షరం పట్టుకుని వేలాడుతున్నారు. నాకు మొత్తం పద్యంతోనే పేచీ. కొమ్మ, లేమ, అబల, తన్వి, ముగుద అంటూ అయిదు పాదాల్లో అయిదు పేర్లు. పేరు పేరుకూ ఒక చేతకానితనం. వీణ పట్టరాదు, ముత్యం గుచ్చరాదు, చిలుకకు పద్యం చెప్పరాదు, పలకమంటే నాలుగు మాటలు పలకరాదు. ఇన్ని రావని తేల్చాక గాని విల్లు పట్టిందని మెచ్చుకోడు. మగవాడికి సన్మాన పత్రం రాస్తే ‘చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాని ఇతడు పరీక్ష ఎట్లు గెలిచెనో’ అని మొదలుపెడతామా?

పానగల్లు పాంథుడు:
అమ్మా, అది చూసేవారి ఆశ్చర్యం కదా.

డిండి వాగు:
ఆ ఆశ్చర్యంతోనే సార్ గొడవ. అయిదు వందల ఏళ్లకు పైగా అదే ఆశ్చర్యం. 2015లో వంకుడోత్ సరిత ఢిల్లీలో డీటీసీ (ఢిల్లీ రవాణా సంస్థ) బస్సుకు తొలి మహిళా డ్రైవరైంది. మన సంస్థాన్ నారాయణపురం వైపు తండా పిల్ల. స్టీరింగు పట్టడం ఎలా నేర్చిందని అందరూ ఆమెనే అడిగేవారు గానీ, అన్నేళ్లు ఆ సీటు ఎందుకు ఇవ్వలేదని సంస్థను అడిగినవారెందరు?

శకటరేఫం:
‘అబల’ మాట తెచ్చారు కాబట్టి ఒకటి. భండారు అచ్చమాంబ స్త్రీల చరిత్రలు రాసి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని పేరు పెట్టింది. పీఠికలోనేమో స్త్రీలు అబలలన్న నింద అబద్ధమని చూపడమే తన ఉద్దేశమంది. మాటను పట్టుకుని దాని మెడే వంచడం అంటే అది. పోతనా అదే చేశాడని నా అభిప్రాయం. ‘అబల’ అని ఆ పాదంలోనే ‘నిశితశరము’ సంధింపజేశాడు.

కొల్లాపూర్ మామిడి:
పోతన అంటే గుర్తొచ్చింది. బమ్మెర ఉన్నది పాలకుర్తి మండలంలో. ఆ పాలకుర్తిలోనే కదా చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు తన పంట దక్కనివ్వలేదు! సత్యభామను రాసిన ఊరికీ ఐలమ్మ ఊరికీ మధ్య ఎంత దూరమని?

పానగల్లు పాంథుడు:
అప్పట్లో జనగామ తాలూకా మా నల్లగొండ జిల్లాలోదే. ఐలమ్మ మాదే.

గద్వాల గడియారం:
పోతననూ కలుపుకోండి, ఒక పని అయిపోతుంది.

పానగల్లు పాంథుడు:
మాకు కొరతేమిటి సార్? నిజాం సర్కారు పదివేలు వెల కట్టిన మల్లు స్వరాజ్యం మాదే. బాణాసనం (విల్లు) కాదు, తుపాకీ పట్టింది. తర్వాత తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో గెలిచింది. 1952లో ఆలేరు నుంచి శాసనసభకు వెళ్లిన ఆరుట్ల కమలాదేవీ మాదే. రుద్రమదేవి మరణం సంగతి చెప్పిన 1289 నాటి శాసనం దొరికింది నకిరేకల్ దగ్గర చందుపట్లలోనే.

శకటరేఫం:
రుద్రమ అనగానే ఒక సంగతి. రాజ్యమేలడానికి ఆమె ‘రుద్రదేవ మహారాజు’ కావలసి వచ్చింది. మన వ్యాకరణమూ అలాంటిదే. చిన్నయసూరి మహత్తుల్లోంచి, అంటే ‘వచ్చాడు’ అనిపించుకునే మాటల్లోంచి, స్త్రీని, తిర్యక్కును (జంతువును), జడాన్ని (ప్రాణం లేనిదాన్ని) ఒక్క ఊపులో బయట పెట్టాడు. ‘ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది’. ఆడవాళ్లు ఇద్దరైతే గాని ‘వచ్చారు’ దక్కదు. ఇంతకీ మీ మేనకోడలిని పత్రంలో ఏమంటున్నారు? లైన్‌మనా, లైన్‌ఉమనా?

కొల్లాపూర్ మామిడి:
‘రాలు’ తగిలిస్తే లైన్‌మన్‌రాలు. పంటికింద రాయిలా ఉంది.

డిండి వాగు:
పేరు రాసి, ‘గారు’ చేర్చి, ‘ఎక్కారు’ అనండి. ఇద్దరు కావలసిన అవసరం లేకుండా బహువచనం వస్తుంది.

పానగల్లు పాంథుడు:
ఇప్పుడే మేనకోడలు డ్యూటీ నుంచి వచ్చింది. ఈ చర్చంతా చదివి వినిపించాను. నడుముకు బెల్టు ఇంకా విప్పలేదు, అరచేతులకు గ్రీజు. మొదటి పాదం ఓపిగ్గా విన్నది. రెండో పాదం ‘మ్రాఁకునఁ దీఁగెఁ గూర్పంగ నేరని లేమ’ దగ్గర ఆపింది. “మ్రాకు అంటే ఏమిటి మామా?” అంది. చెట్టు, మాను అన్నాను. “అంటే స్తంభమే కదా. స్తంభానికి తీగ కలపడం రానిదాన్నని ఊరందరి ముందూ ఫ్లెక్సీ కట్టిస్తావా? ఉద్యోగమిచ్చిందే ఆ పనికి” అని పడీ పడీ నవ్వింది. ఇన్నేళ్లుగా ఈ పద్యం చదువుతున్నాను, అక్కడ కరెంటు తీగ ఉందని నాకు తట్టలేదు.

డిండి వాగు:
ఆ అమ్మాయిని ఈ గుంపులో చేర్చండి సార్. మిగిలినవాళ్లం వెళ్లిపోతాం.

గద్వాల గడియారం:
బాగుంది. మరి వెఱపు సంగతి అడిగారా?

పానగల్లు పాంథుడు:
అడిగాను. మీకు నచ్చదు. “వెఱపు తెలియనివాళ్లను మా సారు స్తంభం దగ్గరికే రానివ్వడు. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నామా, స్విచ్ దించామా, టెస్టర్ పెట్టి చూశామా, ఎర్త్ వేశామా అని ఎక్కే ముందు ప్రతిసారీ భయంతోనే చూసుకుంటాం. భయం లేదని ఎక్కినవాళ్ల ఫొటోలు ఆఫీసు గోడకు దండలతో ఉన్నాయి” అంది.

శకటరేఫం:
కనుక ‘వెరవు’.

పానగల్లు పాంథుడు:
అదీ ఒప్పుకోలేదు. నేర్పు లేనిదాన్నని ఎందుకు రాయాలంటుంది.

గద్వాల గడియారం:
అయితే మా పాఠం ఓడిపోలేదు.

కొల్లాపూర్ మామిడి:
ఏ పాఠమైనా ఫ్లెక్సీ షాపులో ఓడిపోతుంది. వాళ్ల ఫాంటులో అరసున్న ఉండదు, బండి ఱ అడిగితే మనల్ని వింతగా చూస్తారు. పోయిన ఉగాదికి నా పద్యంలో అరసున్నలన్నీ నిండు సున్నలు చేసి వేలాడదీశారు.

శకటరేఫం:
మ్రాఁకు, తీఁగె రెండింటికీ అరసున్న ఉంది, మరవకండి. అది సరే, ఎవరూ పట్టించుకోలేదు గానీ పద్యం ఎత్తుగీతి (సీసం చివరి చిన్న పద్యం) వైపు వెళ్లకముందే, మొదటి పాదంలోనే ఇంకో తగాదా ఉంది. ‘బాణాసనం బెట్లు పట్ట నేర్చె’నా, ‘బెట్టు పట్ట నేర్చె’నా?

గద్వాల గడియారం:
మా తాతగారి పాఠం ‘బెట్టు’.